వంతెన మీద కాపలావాడు

జనవరి 10

ఒసేయ్ గడుగ్గాయ్,

బాగున్నావా? ఇక్కడ మీ అత్తయ్యా నేనూ ఎప్పటిలాగే పోట్లాడుకుంటూ క్షేమంగా ఉన్నాం. ఆవిడకు కుడి మోకాలు పట్టేసింది. మెట్లు దిగలేక మేడ మీద నుంచే నా మీద అధికారం చలాయిస్తోంది. మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు నేను అన్నింటికీ "ఆఁ, ఆఁ" అన్నానట, నువ్వు అడిగినదానికి ఒక్కదానికీ సరైన జవాబు చెప్పలేదట. తర్వాత నాకు తలంటు పోసింది. ఏం చెయ్యమంటావు? వయసంతా చెవుల పక్కన కత్తులు మోగితే మిగిలేది ఇదే. దగ్గర కూర్చుని గట్టిగా మాట్లాడితే వినపడుతుంది గానీ, ఫోనులో నీ గొంతు ఎవరో గిన్నెలు తోముతున్నట్టు ఉంటుంది. అందుకే ఉత్తరం రాయి. ఉత్తరంలో నువ్వు మెల్లగా, నాకు అర్థమయ్యేలా మాట్లాడతావు.

ఇక అసలు సంగతి. మన కోట సినిమాను మళ్ళీ తీశారు. పేపర్లో సినిమాల మంచీచెడూ రాసేదానివి, నీకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. అదే కోట, అదే మాంత్రికుడు, అదే మండే వంతెన. ఈసారి రాకుమారుడి బదులు రాకుమారి. మా రోజుల్లో ఆ వంతెన మీద హీరోకు డూపుగా కత్తి తిప్పింది నేనే. నువ్వు చిన్నప్పుడు ఆ సంగతి బడిలో ఎంతమందికి చెప్పి ఉంటావో లెక్కలేదు. ఎవరూ నమ్మడం లేదని ఏడుస్తూ వచ్చేదానివి. ఎలా నమ్ముతారు? డూపు మొహం ఎక్కడా కనపడదు కదా.

ఈ కొత్త సినిమా గురించి నేను నోరు విప్పకూడదు. ఎందుకని అడగకు. తలుచుకుంటే మాత్రం రాత్రి నిద్ర పట్టడం లేదు. నాకు కావలసింది ఒక్కటే. నువ్వు వెళ్ళి చూసి, ఉన్నదున్నట్టు రాయి. నా మొహం చూసి ఎక్కువా రాయొద్దు, తక్కువా రాయొద్దు. బాగా లేకపోతే బాగా లేదనే రాయి. ఇక్కడ నాకు నిజం చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరూ "మాస్టారూ, మాస్టారూ" అని చేతులు కట్టుకుని నిలబడతారు. ముఖాన కొట్టినట్టు చెప్పేది నువ్వొక్కదానివే.

మీ అత్తయ్య నువ్వు చిక్కిపోయావేమోనని బెంగ పెట్టుకుంది. చిక్కలేదని ఒక ముక్క రాసి నా ప్రాణం కాపాడు.

నీ మామయ్య

&nbsp;

జనవరి 19

మామయ్యా,

నేను చిక్కలేదు. పైగా జిప్పులు పట్టడం లేదు. అత్తయ్యకు ఈ ముక్క గట్టిగా చదివి వినిపించు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు ఏమీ సహించలేదు. నోరు విప్పకూడదని రాశావే, అక్కడే నాకు అంతా అర్థమైపోయింది. నువ్వు ఎప్పుడైనా నోరు కట్టేసుకున్నావా, ఇప్పుడు కట్టేసుకోవడానికి? ఎంత బాధ ఉంటే తప్ప అలా రాయవు. నిన్ను పిలవకుండా, మాట వరసకైనా అడగకుండా ఆ వంతెన మీద అడుగు పెట్టడానికి వాళ్ళకు ఎంత ధైర్యం!

నీకు గుర్తుందో లేదో, సెలవులకు మీ ఇంటికి వచ్చినప్పుడు వంటింటి గుమ్మమే మన వంతెన. నా చేతిలో గరిటె, నీ చేతిలో చీపురు. "వెనక్కి అడుగు, ఇప్పుడు కుడి భుజం, ఇప్పుడు కిందికి వంగు" అని నువ్వు చెప్తుంటే, పొయ్యి మీద ఏదో మాడిపోయి అత్తయ్య మనిద్దరి మీదా విరుచుకుపడేది. ఆ సినిమా మొత్తం నాకు అలా నోటికొచ్చేసింది. మాంత్రికుడు ఎప్పుడు నవ్వుతాడో, వంతెన తాడు ఎప్పుడు తెగుతుందో, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. దాన్ని మళ్ళీ తీయడమంటే నా చిన్నతనం మీద రంగు పులిమినట్టే నాకు.

వచ్చే బుధవారం పేపరువాళ్ళకు వేస్తున్నారు. నువ్వేం దిగులు పెట్టుకోకు. నువ్వు విప్పలేని నోరు నేను విప్పుతాను. నీ తరఫున కత్తి దూసేది నేను.

నీ గడుగ్గాయ్

&nbsp;

జనవరి 28

గడుగ్గాయ్,

నీ ఉత్తరం ఎక్కడెక్కడ తిరిగిందో, ఈ ఉదయం అందింది. చదివి మీ అత్తయ్యా నేనూ ముందు పడీపడీ నవ్వాం. తర్వాత నాకు భయమేసింది. నువ్వు పూర్తిగా పక్కదారిన వెళ్ళిపోయావే తల్లీ! నన్ను పిలవకపోవడం ఏమిటి? పిలిచారు. పోయిన వేసవి నుంచి నేను చేస్తున్నది ఆ పనే. విడుదల అయ్యేదాకా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. అందులోనూ పేపరువాళ్ళకు అసలే చెప్పకూడదన్నారు. నా ఖర్మకొద్దీ నువ్వు రెండూనూ. సినిమా ఎల్లుండి హాళ్ళకు వస్తోంది, ఈ ఉత్తరం చేరేసరికి అందరూ చూసేసి ఉంటారు. అందుకని ఇక నోరు విప్పుతున్నాను.

దర్శకుడు కుర్రవాడే గానీ బుద్ధిమంతుడు. ఇంటికి వచ్చి, కింద కూర్చుని, "వంతెన మీద యుద్ధం మీరే నేర్పాలి" అన్నాడు. ఒక పాత గోడౌను ఇచ్చారు. రాకుమారి వేషం వేసే అమ్మాయికి డూపుగా ఒక పిల్లను పంపారు. దానికి ఎడంచేతి వాటం. మొదటిరోజు నేను తల పట్టుకున్నాను. నాకు తెలిసిన అడుగులన్నీ కుడిచేతి కోసం కట్టినవి. ఆ యుద్ధాన్ని మొత్తం అద్దంలో చూసినట్టు తిప్పి కట్టాల్సి వచ్చింది. ఎనిమిది నెలలు. ముందు నేను నేర్చుకుని, తర్వాత దానికి నేర్పాను. ఎన్నిసార్లు పడిందో! లేచి, మోకాళ్ళు దులుపుకుని, "మళ్ళీ చేద్దామా మాస్టారూ" అనేది.

వాళ్ళమ్మకు ఈ పని ఇష్టం లేదు. బట్టల కొట్టులో ఉద్యోగం చూసి పెట్టింది. ఈ సినిమాకు రెండో భాగం తీస్తారట. అందులోకి కూడా తనను తీసుకుంటే, ఇదే నా పని అని ఇంట్లో ధైర్యంగా చెప్తానంది. అందుకే నిన్ను నిజం రాయమన్నాను. నా కంటికి నేను నేర్పినవాళ్ళంతా బాగానే కనిపిస్తారు. ఈ విషయంలో నా కన్ను నాకు చాలదు. నీ కన్ను కావాలి.

ఇంకొకటి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. వంతెన మొదట్లో ఒక ముసలి కాపలావాడు ఉంటాడు. పాత సినిమాలో వాడు లేడు. రాకుమారి వచ్చి దారి ఇమ్మంటుంది. వాడు తల అడ్డంగా ఊపుతాడు. మూడో దెబ్బకు పడిపోతాడు. ఒక్క మాట కూడా లేదు. ఆ కాపలావాడు నేనే. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ మొహాల కోసం కత్తి తిప్పాను. మొదటిసారి నా మొహం తెర మీద పడుతుంది. మీ అత్తయ్య ఇప్పటినుంచే చీర ఎంచుకుంటోంది.

చూసి రాయి.

నీ మామయ్య

&nbsp;

ఫిబ్రవరి 2

మామయ్యా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. నేను రాసింది శుక్రవారమే అచ్చయిపోయింది. ఎంత పని చేశావు మామయ్యా! ముందే ఒక్క ముక్క చెవిన వేసి ఉంటే! సంతకం పెడితే పెట్టావు, నేనేమైనా పరాయిదాన్నా?

నువ్వు ఈపాటికి పేపరు చదివే ఉంటావు. అందులో ఒక వాక్యం చూసి మనసు కష్టపెట్టుకుని ఉంటావు. "వంతెన మీద యుద్ధం చూస్తే, వీళ్ళకు కత్తి పట్టడం నేర్పినవాడే లేడని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది." అది నీ గురించి కాదు. నేర్పింది నువ్వని నాకు ఎలా తెలుస్తుంది? నువ్వు వేషం మాత్రమే వేశావనుకున్నాను. అంతటి మనిషికి మాట లేని వేషం పడేశారే అన్న కోపంలో అంత ఘాటుగా రాసేశాను. పైగా మా సంపాదకుడు నేను రాసిన మంచి మాటలన్నీ జాగా లేదని కత్తిరించేశాడు.

నిన్ను గుర్తుపట్టకపోవడమేమిటి! తెర మీద నువ్వు కనపడగానే కుర్చీలోంచి లేవబోయాను. నువ్వు తల అడ్డంగా ఊపినప్పుడు నా పక్కన కూర్చున్న ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది. పడిపోయే ముందు నువ్వు చూసిన చూపు నన్ను ఇంకా వదలడం లేదు. ఇన్నాళ్ళూ నీ మొహం ఎందుకు దాచారో వాళ్ళనే అడగాలి.

ఇక్కడ ఆఫీసులో ఊపిరి సలపని పని. మళ్ళీ తీరిగ్గా రాస్తాను. అత్తయ్య ఏ చీర కట్టుకుందో రాయి.

నీ గడుగ్గాయ్

&nbsp;

ఫిబ్రవరి 7

గడుగ్గాయ్,

నీ ఉత్తరం చదివి మీ అత్తయ్య ఏడ్చింది. అంతటితో ఊరుకుందా? మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి కాపలావాడి గురించి నువ్వు రాసిందంతా వీధి వీధికీ వినపడేలా చదివింది. కింద టైలరు మిషను ఆపేసి విన్నాడు. లెక్కల మాస్టారు, ఎదురింటి నర్సమ్మ, ఇస్త్రీ ఆయన, అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. ఇప్పుడు రోడ్డున వెళ్తుంటే పిల్లలు నాకు అడ్డం నిలబడి తల ఊపి పడిపోతున్నారు. పై ఆదివారం అందరం కలిసి సినిమాకు వెళ్తున్నాం. టైలరు ఒక వరస మొత్తం తీసేసుకున్నాడు. అత్తయ్య మోకాలు సంగతి అడిగితే, పాకుతూ అయినా వస్తానంది.

ఇప్పుడు రెండో సంగతి. నీ రాత పేపర్లో చదివాను. చాలాసార్లు చదివాను. నువ్వు ఉత్తరంలో ఎంత సర్దిచెప్పినా, అందులో ఉన్నది నాకు తెలిసింది. ఉత్తరం మామయ్యకు రాస్తావు, కాబట్టి తీపి కలుపుతావు. పేపరుకు రాసేటప్పుడు నువ్వు ఎవరికీ మేనకోడలివి కావు. నేను కోరింది కూడా అదే కదా. నేర్పినవాడే లేడని రాశావు. చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుందని రాశావు. కోపం రాలేదు. మొదట కాస్త తల కొట్టేసినట్టయింది, అంతే. చెవులు పోయిన దారిలోనే కళ్ళూ పోతున్నాయి కాబోలు అనుకున్నాను. పాత అడుగుల్ని తిప్పి కట్టడంలోనే ఎక్కడో తప్పు చేసి ఉంటాను.

బుధవారం గోడౌనుకు వెళ్ళాను. ఆ పిల్ల కత్తులకు నూనె రాస్తోంది. "అమ్మా, ఈ పని నీకు అచ్చిరాదు. నీకు సరిగ్గా నేర్పే చెయ్యి నాది కాదు. మీ అమ్మ చెప్పిన ఉద్యోగంలో చేరు" అన్నాను. ఎందుకు మాస్టారూ అంటుందని చూశాను. అనలేదు. తనూ పేపరు చదివినట్టుంది. కత్తిని గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. దర్శకుడికి కూడా రెండో భాగానికి మరొకరిని చూసుకోమని చెప్పేశాను. ఆ కుర్రవాడు ఏదో అన్నాడు గానీ నాకు వినపడలేదు. వినాలనీ అనిపించలేదు.

నువ్వు నిజం రాశావు. దానికి నేను నీకు రుణపడి ఉంటాను. కాపలావాడైనా నీకు నచ్చాడు, నా వయసుకు అది చాలు.

నీ మామయ్య

&nbsp;

ఫిబ్రవరి 12

మామయ్యా,

ఎంత తొందరపడ్డావు! ఆ పిల్లను వెంటనే వెనక్కి పిలువు. దర్శకుడికీ చెప్పు. పేపర్లో రాసే మాటలకు అంత బరువు ఇవ్వకూడదు. గంటలో రాసి పడేసేవి అవి. మర్నాడు వాటిని ఏ అలమరలోనో పరిచి బట్టలు సర్దుకుంటారు. నేను ఆ వాక్యం తొందరలో రాశాను. ఎందుకు తొందరపడ్డానో కలిసినప్పుడు చెప్తాను.

ఎలాగూ ఆదివారం నువ్వే స్వయంగా చూస్తున్నావు కదా. నా మాట పక్కన పెట్టు. నీ కళ్ళతో చూసి నువ్వే తేల్చు. నీకు బాగుందనిపిస్తే బాగున్నట్టే. నీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

ఇంతకంటే ఇప్పుడు ఏమీ రాయలేకపోతున్నాను. ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడొద్దు.

నీ గడుగ్గాయ్

&nbsp;

ఫిబ్రవరి 16

అమ్మాయికి,

నిన్న సినిమాకు వెళ్ళాం. లెక్కల మాస్టారు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. మీ అత్తయ్య ఆకుపచ్చ చీర కట్టుకుంది. టైలరు ఈల వేయడానికి రెండు వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి సగం అయింది. రెండో సగంలో వంతెన వచ్చింది. పొగ వచ్చింది, మంట వచ్చింది, రాకుమారి వచ్చింది. కాపలావాడు రాలేదు. ఆమె తిన్నగా వంతెన ఎక్కేసింది. నేను ముందుకు వంగి చూస్తూనే ఉన్నాను. ఎక్కడో వెనకాల ఉంటాడేమో, తర్వాత వస్తాడేమో అని. వంతెన కాలిపోయింది. "ఇంకో వంతెన ఉందేమో మాస్టారూ" అని టైలరు నా చెవిలో అరిచాడు. కథ అయిపోయింది. అప్పుడూ ఎవరూ లేవలేదు. పేర్లన్నీ పైకి వెళ్ళిపోయి, లైట్లు వేసి, ఊడ్చేవాళ్ళు లోపలికి వచ్చేదాకా నా కోసం కూర్చున్నారు.

ఈ ఉదయం దర్శకుడు ఫోను చేస్తే మీ అత్తయ్య మాట్లాడింది. నిడివి ఎక్కువైందని ఆ ముక్క మొత్తం తీసేశారట. చివరి నిమిషంలో, పేపరువాళ్ళకు వేసే ముందురోజు తీశారట. చెప్పడానికి మొహం చెల్లక చెప్పలేదట. అంటే పేపరువాళ్ళకు చూపించిన సినిమాలో కూడా లేదు. మీ అత్తయ్య ఆ మాట రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది.

తీసేసినందుకు బాధ ఉంది. ఉన్నా, అది నేను పడతాను. నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. తెర మీద ఎవరిని చూసి కుర్చీలోంచి లేవబోయావు? నీ పక్కన కూర్చున్న ఆవిడ ఎవరిని చూసి కళ్ళు తుడుచుకుంది?

మామయ్య

&nbsp;

ఫిబ్రవరి 22

మామయ్యా,

ఇలా పిలవడానికి కూడా మొహం లేదు. అయినా ఇంకెలా పిలవాలో తెలియదు.

నా పక్కన ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. నా పక్క కుర్చీలో ఎవరూ లేరు. నేను కూడా లేను. ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశాను.

ఎందుకు వచ్చేశానో చెప్తాను. క్షమిస్తావని కాదు. నీకు నిజం చెప్పేదాన్ని నేనొక్కదాన్నేనని రాశావు కాబట్టి. మొదటి సగం నాకు అసలు నచ్చలేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. మాంత్రికుడు నోరు తెరిస్తే కంప్యూటరు పొగ తప్ప మరొకటి రాదు. పాత సినిమాలో ఆయన ఒక కనుబొమ్మ ఎత్తితే మనం దుప్పటిలో దూరేవాళ్ళం. అప్పటికే నా మనసులో నీ ఉత్తరం ఉంది. నీకు అన్యాయం చేశారని నేనే అనుకుని, నేనే తీర్పు రాసేసుకుని హాల్లోకి వెళ్ళాను. ఇంటర్వెల్‌లో సంపాదకుడు కబురు పెట్టాడు, వేరేవాళ్ళ కంటే ముందు మన పేజీ రావాలని. రెండో సగంలో ఏముంటుందో నాకు తెలియదా అనుకున్నాను. చిన్నప్పటినుంచి నోటికొచ్చిన కథ కదా! ఆఫీసుకు వెళ్ళి, వంతెన గురించి ప్రకటనలో చూసిన రెండు ముక్కలు పట్టుకుని రాసేశాను. నేర్పినవాడే లేడన్న వాక్యం దొరికినప్పుడు ఎంత సంతోషపడ్డానంటే, దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను. మా సంపాదకుడు ఏమీ కత్తిరించలేదు. మంచి మాటలు నేను రాస్తే కదా.

నీ ఉత్తరం అందిన రోజే చెప్పేసి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క అబద్ధంతో నిన్ను సంతోషపెట్టి గండం గట్టెక్కాలనుకున్నాను. అత్తయ్య పిట్టగోడ మీద నుంచి దాన్నే వీధికి చదివిందని నువ్వు రాస్తే, ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని స్నానాల గదిలో కూర్చుండిపోయాను. అప్పుడూ చెప్పలేదు. నువ్వే చూసి తేల్చుకో అని తప్పించుకున్నాను. ఒక పిల్ల బతుకుతెరువు పోయిందని చదివి కూడా తప్పించుకున్నాను మామయ్యా.

నిన్న టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. మొదటినుంచి చివరిదాకా కూర్చున్నాను. వంతెన వచ్చినప్పుడు, వంటింటి గుమ్మంలో నువ్వు చెప్పిన అడుగుల కోసం చూశాను. అవి లేవు. పాత సినిమాలో రాకుమారుడు ముందుకు తోసుకుంటూ వెళ్ళి గెలుస్తాడు. ఇక్కడ రాకుమారి అడుగడుగునా వెనక్కి తగ్గుతుంది. ఓడిపోతోందనుకుంటాం. తగ్గుతూ తగ్గుతూ, తన మీదికి వస్తున్నవాణ్ణి కాలుతున్న చెక్కల మీదికి లాక్కొస్తుంది. కత్తి ఎడంచేతిలో ఉండడం వల్ల వాడి దెబ్బలన్నీ కాస్త పక్కకు పడుతుంటాయి, అది వాడికి అర్థమయ్యేసరికి ఆలస్యమైపోతుంది. మధ్యలో ఎక్కడా కట్ లేదు. మొహం కనపడకుండా ఆ పిల్ల భుజాలతోనే భయాన్నీ తెగింపునూ చూపించింది. ఆ సినిమాలో నిజంగా కొత్తది, పాతదానికంటే మంచిది అదొక్కటే. దాన్నే నేను చూడకుండా నరికేశాను.

ఇది మొత్తం నా పేరుతో పేపర్లో రాశాను. సగం చూసి రాశానని, రెండో సగం గురించి రాసినవన్నీ అబద్ధాలని రాశాను. వేస్తే నీకు ఈ పేజీ ఉండదని సంపాదకుడు అన్నాడు. వేయమన్నాను. గురువారం వస్తుంది. ఆ తర్వాత నన్ను వాతావరణమూ కూరగాయల ధరలూ చూసే బల్ల దగ్గరికి మారుస్తున్నారు. జాలిపడొద్దు, అది తక్కువ శిక్షే.

వంతెన బాగుంది మామయ్యా. చాలా బాగుంది. ఇప్పుడు ఈ మాటను నువ్వెలా నమ్ముతావో నాకు తెలియడం లేదు.

నీ మేనకోడలు

&nbsp;

మార్చి 4

గడుగ్గాయ్,

నీ ఉత్తరం, పేపరు, రెండూ అందాయి. వారం రోజులు జవాబు రాయలేదు. రాస్తే తిట్లే వచ్చేవి. మీ అత్తయ్య పేపరు చదివి, ఈసారి పిట్టగోడ దగ్గరికి వెళ్ళలేదు. మడిచి దిండు కింద పెట్టుకుంది. "అది ఎంత ఏడ్చి రాసిందో" అంది. "ఏడవనీ" అన్నాను.

నువ్వు బాగుందంటే నాకు సంతోషం కలగలేదు. నువ్వే అన్నావు కదా, ఎలా నమ్ముతావని. నమ్మలేకపోయాను. బాగా లేదన్నప్పుడు కళ్ళు మూసుకుని నమ్మినవాణ్ణి, బాగుందంటే నమ్మలేకపోయాను. అయినా ఆ పిల్లకు న్యాయం జరిగిందన్న ధైర్యంతో, ఆ పేపరు పట్టుకుని నిన్న బట్టల కొట్టుకు వెళ్ళాను. మనసులో ఏమనుకున్నానో తెలుసా? చూడమ్మా, తప్పు నీదీ కాదు నాదీ కాదు, మా మేనకోడలిది, ఇక రా, మొదలుపెడదాం, అనాలనుకున్నాను. దారంతా నీ మీద నేరం మోపుతూ వెళ్ళాను. కాళ్ళు తేలిగ్గా పడ్డాయి.

ఆ పిల్ల ఎవరికో గుడ్డ కొలుస్తోంది. కోసి, మడిచి, సంచిలో పెట్టి ఇచ్చి, అప్పుడు వచ్చి పేపరు తీసుకుంది. నిలబడే మొత్తం చదివింది. మడిచి నా చేతికి ఇచ్చింది. నాకు వినపడాలని గట్టిగా మాట్లాడింది. కొట్లో అందరూ తిరిగి చూశారు.

"ఆవిడ చూడలేదు, సరే. మీరు చూశారు కదా మాస్టారూ. ఎనిమిది నెలలు మీ ఎదురుగానే కదా చేశాను. పేపర్లో ఒక్క ముక్క చదివి నన్ను వెళ్ళిపొమ్మన్నారు."

తర్వాత ఇంకొకటి అడిగింది. ఈసారి గొంతు తగ్గించింది, నేను దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది.

"హాలుకు వెళ్ళారట కదా. వంతెన ఎలా ఉంది మాస్టారూ?"

బాగుందమ్మా అన్న మాట నోటిదాకా వచ్చేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆ క్షణంలో నువ్వు గుర్తొచ్చావు. కాపలావాణ్ణి చూశానని నువ్వు నాకు ఎలా రాసి ఉంటావో అప్పుడు తెలిసింది. ఎందుకంటే నేనూ చూడలేదే. ఆ వంతెన మీద ఆ పిల్ల నేను నేర్పిన ప్రతి అడుగూ వేస్తుంటే, నేను పొగలో నా మొహం వెతుక్కుంటూ కూర్చున్నాను. కాపలావాడు ఎక్కడ, ఎప్పుడొస్తాడు, తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు. నువ్వు లేచి వెళ్ళిపోయి చూడలేదు. నేను ముందుకు వంగి కూర్చుని చూడలేదు.

"నేను చూడలేదమ్మా" అన్నాను. వినపడలేదనుకుని మళ్ళీ అన్నాను. వినపడిందని తల ఊపింది. ఎవరో పిలిస్తే కౌంటరు వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి మీ అత్తయ్యకు చెప్పాను. తలంటు పోస్తుందనుకుంటే, మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చింది.

నీ మీద నాకు కోపం పోలేదు. చూపించడానికి మొహం లేదు, అంతే. ఆ సినిమా ఇంకో వారమే ఉంటుందట. ఆదివారానికల్లా బయలుదేరి రా. ఇద్దరం వెళ్ళి చూద్దాం. చూశాక ఆ కొట్టుకు నేనొక్కణ్ణే వెళ్తాను. ఆ పిల్ల మళ్ళీ కత్తి పడుతుందన్న ఆశతో కాదు. అడిగినదానికి జవాబు చెప్పాలి.

నీ మామయ్య